కారు సర్వీసింగ్: కంపెనీ సర్వీస్ సెంటరా, బయటి మెకానిక్ షెడ్డా?

కారు కొన్న కొత్తలో ఈ ప్రశ్న ఎవరికీ రాదు. షోరూమ్ వాళ్లే ఫోన్ చేసి "సార్, సర్వీస్ డ్యూ ఉంది" అని గుర్తు చేస్తారు, మనం బండి తీసుకెళ్లి ఇచ్చి వస్తాం. ఉచిత సర్వీసులు అయిపోయి, ఎనిమిది తొమ్మిది వేల బిల్లు మొదటిసారి చేతికొచ్చినప్పుడు చర్చ మొదలవుతుంది. ఆఫీసులో ఒకరు "బయట చేయిస్తే సగానికే అయిపోతుంది కదా" అంటారు. ఇంట్లో పెద్దవాళ్లు "బయటివాడి చేతిలో పెడితే బండి పాడైపోతుంది" అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అందుకే ఎటూ తేల్చుకోలేక టెన్షన్ పడుతుంటాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కారు ఉన్నన్నాళ్లూ ఒకేచోట చేయించాలన్న నియమం పెట్టుకోనక్కర్లేదు. కారు వయసును బట్టి, చేయించాల్సిన పనిని బట్టి నిర్ణయం మారాలి. వారంటీ ఉన్నన్నాళ్లు కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి, కానీ వాళ్లు కలిపే అదనపు పనులకు వద్దని చెప్పడం నేర్చుకోండి. వారంటీ అయ్యాక మామూలు పనులన్నీ నమ్మకమైన మెకానిక్‌కి అప్పగించండి. కొన్ని పనులకు మాత్రం కారు ఎంత పాతదైనా కంపెనీకే వెళ్లాలి. ఎందుకో ఒక్కొక్కటిగా చెప్తాను.

వారంటీ ఉన్నన్నాళ్లు

ముందు మీ కారు వారంటీ ఎప్పటి వరకు ఉందో చూసుకోండి. చాలామందికి ఇది సరిగ్గా తెలియదు. ఉదాహరణకు మారుతి సుజుకి 2024 జులైలో మామూలు వారంటీని 2 ఏళ్లు లేదా 40,000 కిలోమీటర్ల నుంచి 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లకు పెంచింది. అంతకు ముందు కొన్న బండికి పాత లెక్కే. పక్కింటాయన కారుకి మూడేళ్లు ఉంది కాబట్టి మనకీ ఉంటుందని అనుకోకూడదు. డాష్‌బోర్డ్ అరలో ఉండే వారంటీ బుక్ తీసి ఒక్కసారి చదివితే సందేహం ఉండదు.

వారంటీ ఉన్నప్పుడు సర్వీస్ తేదీ దాటనివ్వకండి. మారుతి కార్లలో ఉచిత సర్వీసులు వెయ్యి కిలోమీటర్లు లేదా నెలకు, 5,000 లేదా ఆరు నెలలకు, 10,000 లేదా ఏడాదికి వస్తాయి. ఆ తర్వాత ప్రతి 10,000 కిలోమీటర్లకు లేదా ఏడాదికి ఒకసారి. ఇక్కడ "ఏది ముందైతే అది" అన్న మాట ముఖ్యం. రిటైరైన వాళ్లు, ఇంట్లోంచి పని చేసేవాళ్లు "మేం ఏడాదికి మూడు వేలు కూడా తిప్పలేదు, అప్పుడే సర్వీస్ ఎందుకు" అని వదిలేస్తుంటారు. నిలబెట్టిన కారులో కూడా ఇంజిన్ ఆయిల్ పాతబడుతుంది. దానికి మించిన సమస్య, సర్వీస్ ఎగ్గొట్టారన్న కారణంతో రేపు వారంటీ క్లెయిమ్‌కి అడ్డు చెప్పే అవకాశం వాళ్లకి మనమే ఇచ్చినట్టవుతుంది. ఉచిత సర్వీస్ అంటే లేబర్ మాత్రమే ఉచితం, ఆయిల్‌కి, ఫిల్టర్లకి డబ్బు కట్టాలి. ఇది ముందే తెలిస్తే కౌంటర్ దగ్గర గొడవ ఉండదు.

"బయట ఒక్కసారి బానెట్ తెరిపించినా వారంటీ పోతుంది" అని సర్వీస్ అడ్వైజర్లు భయపెడుతుంటారు. దీని మీద మన దేశంలో పెద్ద తీర్పే వచ్చింది. స్పేర్ పార్టులను, కంప్యూటర్ పరికరాలను బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారన్న ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. బయట రిపేర్ చేయించుకున్నారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తాన్ని రద్దు చేసే షరతు పెట్టకూడదని, బయటి రిపేర్ వల్లే నష్టం జరిగితే ఆ మేరకే నిరాకరించవచ్చని చెప్పింది. కంపెనీలు దీని మీద అప్పీలుకు వెళ్లాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లకైతే ఇలాంటి రక్షణ 1975 నుంచే చట్టంలో ఉంది.

అయితే కాగితం మీద ఉన్న హక్కు వేరు, రేపు గేర్‌బాక్స్ పాడైతే కౌంటర్ దగ్గర వాదించి గెలవడం వేరు. వారంటీలో ఉన్న కారుకి సర్వీసులో రెండు మూడు వేలు మిగుల్చుకోబోయి, లక్ష రూపాయల క్లెయిమ్ దగ్గర వాళ్లకి సాకు ఇవ్వడం నా దృష్టిలో తెలివైన పని కాదు. పంక్చర్, అలైన్‌మెంట్, వాష్ లాంటివి బయట చేయించుకుంటే ఇబ్బంది లేదు. వైరింగ్ మాత్రం కోయనివ్వకండి. మ్యూజిక్ సిస్టమ్, ఫాగ్ ల్యాంపులు, డ్యాష్‌క్యామ్ పెట్టించేటప్పుడు యాక్సెసరీ షాపులో వైర్ కోసి టేపు చుట్టేస్తారు. తర్వాత కరెంటుకు సంబంధించిన ఏ సమస్య వచ్చినా నేరం ఆ టేపు మీదకే పోతుంది. కప్లర్‌తో బిగించే వైరింగ్ కిట్ దొరుకుతుంది, అది అడగండి.

ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవాలా? ఆటోమేటిక్ గేర్‌బాక్స్, టర్బో పెట్రోల్, బీఎస్6 డీజిల్ అయితే కళ్లు మూసుకుని తీసుకోమంటాను. వాటిలో ఒక్క పెద్ద భాగం పోయినా ఖర్చు ఆ ప్రీమియానికి ఎన్నో రెట్లు. మామూలు మాన్యువల్ పెట్రోల్ కారు, అదీ తక్కువ తిప్పేవాళ్లైతే అంత అవసరం కనిపించదు. ఒకటి గుర్తుంచుకోండి: అది తీసుకున్నారంటే అన్నేళ్లూ సర్వీస్ కంపెనీలోనే చేయించాలి. ఆ ఖర్చు కూడా కలిపి లెక్క వేయండి.

ఎస్టిమేట్ కాగితాన్ని చదవడం

కంపెనీ సర్వీస్ ఖరీదని అందరూ అంటారు. బిల్లు దగ్గర పెట్టుకుని చూస్తే అసలు సర్వీస్ మరీ అంత ఖరీదు కాదు, దానికి తోక తగిలించిన పనులే ఖరీదు.

చిన్న పెట్రోల్ కారు 30,000 కిలోమీటర్ల సర్వీస్ అనుకుందాం. నిజంగా కావాల్సినవి ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డ్రెయిన్ ప్లగ్ వాషర్, అవసరమైతే ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్, బ్రేకులు విప్పి శుభ్రం చేయడం, రెండేళ్లు దాటితే బ్రేక్ ఫ్లూయిడ్. వీటికి లేబర్ కలిపి ఊరిని బట్టి, మోడల్‌ని బట్టి నాలుగైదు వేలు అవుతుంది. ఆ తర్వాత జాబ్ కార్డులో, అంటే బండికి చేయబోయే పనులు రాసే కాగితంలో మెల్లగా చేరేవి చూడండి: ఇంజిన్ ఫ్లష్, ఇంజిన్ కోటింగ్, త్రోటిల్ బాడీ క్లీనింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ డిస్‌ఇన్‌ఫెక్షన్, ఇంటీరియర్ పాలిష్, అండర్‌బాడీ కోటింగ్, సైలెన్సర్ కోటింగ్, టెఫ్లాన్. ఒక్కోటి ఐదారు వందల నుంచి పదిహేను వందల దాకా. నాలుగైదు చేరేసరికి బిల్లు రెట్టింపవుతుంది.

వీటిలో అన్నీ మోసం అనను. సముద్రం ఒడ్డున విశాఖలోనో కాకినాడలోనో ఉండేవాళ్లకి అండర్‌బాడీ కోటింగ్ పనికొచ్చేదే. ఉప్పుగాలికి కింద ఇనుము తుప్పు పడుతుంది. హైదరాబాద్‌లో ఉండి ఏటా అది చేయించడం మాత్రం దండగ. ఏసీలోంచి వాసన వస్తుంటే ఎవాపరేటర్ క్లీనింగ్ చేయించాలి, రాకపోతే అక్కర్లేదు. ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు, ఇంజిన్ ఊగుతుంటేనో, ఆగిపోతుంటేనో త్రోటిల్ బాడీ శుభ్రం చేయించాలి. సరైన సమయానికి ఆయిల్ మారుస్తున్న ఇంజిన్‌కి ఫ్లష్ అవసరమే లేదు. ఇంజిన్ కోటింగ్ అంటే బానెట్ కింద ప్లాస్టిక్ భాగాలు మెరిసేలా స్ప్రే కొట్టడం. అది చూడ్డానికి బాగుంటుంది, అంతే.

నేను అనుసరించే పద్ధతి ఒకటుంది. ఓనర్ మాన్యువల్‌లో ఆ కిలోమీటర్లకు ఏమేం మార్చాలో పట్టిక ఉంటుంది. దాన్ని ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకుంటాను. అడ్వైజర్ ఏదైనా చెప్తే "ఇది పట్టికలో ఉందా? లేకపోతే బండిలో ఏ సమస్య కనిపించి చెప్తున్నారు?" అని అడుగుతాను. సమాధానం ఉంటే వింటాను. "అందరూ చేయిస్తున్నారు సార్" అంటే వద్దంటాను. అడ్వైజర్ మీద కోపం పెట్టుకోవాల్సిన పని లేదు. అతనికి నెలకింత అని టార్గెట్ ఉంటుంది, అడగడం అతని ఉద్యోగం. సంతకం పెట్టే ముందు జాబ్ కార్డులో వద్దన్నవి కొట్టేశారో లేదో చూడండి. "ఫోన్‌లో నా అనుమతి లేకుండా అదనపు పని చేయవద్దు" అని రాయించండి.

ఇంకో చిన్న విషయం. చిన్న పెట్రోల్ ఇంజిన్లు చాలావరకు మూడు నుంచి మూడున్నర లీటర్ల ఆయిల్ తీసుకుంటాయి. ఖచ్చితమైన లెక్క మాన్యువల్‌లో ఉంటుంది. బిల్లులో అంతకంటే ఎక్కువ ఉంటే అడగండి. బండి తీసుకున్నాక గేటు దాటకముందే చదునైన చోట ఆపి, ఇంజిన్ కట్టేసి, ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ కొత్త తేనె రంగులో, రెండు గుర్తుల మధ్యలో ఉండాలి. డీజిల్ అయితే రంగు త్వరగా నల్లబడుతుంది, మట్టం చూస్తే చాలు. పన్ను విషయానికొస్తే, 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు పార్టుల మీద జీఎస్టీ 18 శాతమే. అంతకు ముందు చాలా పార్టులకు 28 శాతం ఉండేది. లేబర్ మీద ఎప్పటిలాగే 18 శాతం.

వారంటీ అయిపోయాక

ఇక్కడి నుంచి మెకానిక్ షెడ్డు బలం కనిపిస్తుంది. లేబర్ తక్కువ కావడం అందులో ఒక భాగమే. అసలు తేడా పని చేసే తీరులో ఉంది. కంపెనీ వర్క్‌షాప్‌లో పాడైన భాగాన్ని విప్పి లోపల బాగుచేయడం చాలా తక్కువ. ఆ భాగాన్ని మొత్తంగా తీసేసి కొత్తది వేసేస్తారు. వాళ్లకు అందులో సౌలభ్యం ఉంది: టైమ్ తక్కువ పడుతుంది, కొత్త పార్టుకి వారంటీ ఇవ్వొచ్చు, టెక్నీషియన్ మారినా పని ఒకేలా వస్తుంది. కానీ పదేళ్ల కారుకి ఆ ఖర్చు భారం.

మా బంధువుల ఎనిమిదేళ్ల డీజిల్ కారులో రాత్రిపూట హెడ్‌లైట్లు సన్నగిల్లడం, డాష్‌బోర్డ్‌లో బ్యాటరీ గుర్తు వెలిగి ఆరిపోవడం మొదలైంది. సర్వీస్ సెంటర్‌లో ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని ఛార్జ్ చేసే భాగం) మొత్తం మార్చాలని పదిహేను వేల పైచిలుకు ఎస్టిమేట్ ఇచ్చారు. తర్వాత తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరకు తీసుకెళ్లాం. ఆయన ముందు మల్టీమీటర్ పెట్టాడు. ఇంజిన్ ఆపి ఉంటే బ్యాటరీలో సుమారు 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుంటే 14కి అటూ ఇటూగా రావాలి. అక్కడ 12.3 దాటలేదు. ఆల్టర్నేటర్ దించి, వెనక మూత విప్పి, కార్బన్ బ్రష్‌లు మా చేతిలో పెట్టాడు. ఒకటి పూర్తిగా అరిగిపోయి గోరంత ముక్క మిగిలింది. బ్రష్‌లు, ఒక బేరింగ్ మార్చి, లోపల దుమ్ము దులిపి బిగించాడు. మొత్తం రెండు వేల లోపే అయింది. మీటర్ మళ్లీ పెట్టి 14.1 చూపించాకే డబ్బు తీసుకున్నాడు.

స్టార్టర్ మోటార్, పవర్ విండో మోటార్, రేడియేటర్ ఫ్యాన్, ఏసీ కంప్రెసర్ క్లచ్ బేరింగ్ లాంటి వాటన్నిటికీ ఇదే వర్తిస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో, విశాఖ గాజువాక ఆటోనగర్‌లో ఒక్కో పనికి ఒక్కో నిపుణుడు ఉంటాడు. రేడియేటర్ ఒకరు, డీజిల్ పంపు, ఇంజెక్టర్లు ఒకరు, లేత్ పని ఒకరు. మంచి షెడ్డు మేస్త్రీకి ఈ అందరితో పరిచయం ఉంటుంది. తనకు రాని పనిని తెలిసినవాడికి పంపేవాడే మంచి మేస్త్రీ.

సస్పెన్షన్ శబ్దం ఇంకో ఉదాహరణ. ముందు చక్రం దగ్గర "కట్ కట్" అని వస్తోందని చెప్తే మంచి మెకానిక్ ఏం చేస్తాడో గమనించండి. ముందు తనే బండి నడుపుతాడు, పక్కన మిమ్మల్ని కూర్చోబెట్టుకుని స్పీడ్ బ్రేకర్ మీదుగా మెల్లగా ఒకసారి, గతుకుల్లో కాస్త వేగంగా ఒకసారి తీసుకెళ్తాడు. తర్వాత జాకీ ఎత్తి టైర్‌ని పైన, కింద పట్టుకుని ఊపుతాడు. కదలిక ఉంటే బాల్ జాయింటో, వీల్ బేరింగో. పక్కలు పట్టుకుని ఊపితే ఆడేది టై రాడ్, అంటే స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ. రెండూ గట్టిగా ఉంటే లింక్ రాడ్, బుష్‌లు చూస్తాడు. చాలాసార్లు వెయ్యి, పదిహేను వందల లింక్ రాడ్ దగ్గరే కథ తేలిపోతుంది. ఇవేమీ చూడకుండా "షాక్ అబ్జార్బర్లు పోయాయి, రెండూ మార్చాలి" అనే మనిషి కంపెనీలో ఉన్నా, షెడ్డులో ఉన్నా ఒకటే. బండి ఇంకోచోట చూపించండి.

పార్టులు, ఆయిల్

బయట చేయించడంలో ఉన్న పెద్ద ప్రమాదం పార్టుల దగ్గరే. కంపెనీలో మనకు వచ్చేది కంపెనీ డబ్బాలో వచ్చిన పార్టు, ధర ఎక్కువైనా అనుమానం ఉండదు. బయట మూడు రకాలు ఉంటాయి. మొదటిది కంపెనీ జెన్యూన్ పార్టు: మారుతికి మారుతి జెన్యూన్ పార్ట్స్, హ్యుందాయ్, కియాలకు మోబిస్ అన్నట్టు. ఇవి సర్వీస్ సెంటర్‌లోనే కాదు, పార్టుల షాపుల్లోనూ దొరుకుతాయి. రెండోది కార్ల కంపెనీలకు సప్లయ్ చేసేవాళ్లే సొంత పేరుతో అమ్మేవి: బాష్, వాలియో, లుక్, గాబ్రియల్, రానే, మాలే లాంటివి. మూడోది పేరూ ఊరూ లేని లోకల్ పార్టు, లేదా పెద్ద బ్రాండ్ డబ్బాలో వచ్చే డూప్లికేట్.

రెండో రకం తీసుకోవడానికి వెనకాడక్కర్లేదు. బ్యాటరీ సంగతే చూడండి. తిరుపతి దగ్గర తయారయ్యే అమరాన్ చాలా కొత్త కార్లలో కంపెనీ బిగించేదే, బయట షాపులో దొరికేదీ అదే. సరైన సైజు, వారంటీ కార్డు ఉంటే సర్వీస్ సెంటర్‌లోనే బ్యాటరీ కొనాల్సిన పని లేదు. మూడో రకం బ్రేక్ ప్యాడ్లు, క్లచ్, స్టీరింగ్, ఆయిల్ ఫిల్టర్ విషయంలో మాత్రం అస్సలు వద్దు. రెండు వందలు మిగిలిందని బిగించిన నాసిరకం ప్యాడ్ డిస్క్‌ని గీసేస్తుంది. అంతకంటే ముఖ్యం, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేక్ పట్టకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

వీలైతే పార్టులు మీరే కొనండి. హైదరాబాద్, సికింద్రాబాద్ వాళ్లకు రాణిగంజ్ ఉంది. జిల్లా కేంద్రాల్లో ఆటోనగర్ చుట్టుపక్కల షాపులుంటాయి. ఛాసిస్ నంబర్ చెప్పి పార్ట్ నంబర్ ప్రకారం అడగండి, జీఎస్టీ బిల్లు తీసుకోండి. కొందరు మెకానిక్‌లకు మనం పార్టు తేవడం నచ్చదు. వాళ్లకు పార్టు మీద కొంత మిగులుతుంది, అది న్యాయమే. అలాంటప్పుడు లేబర్ కాస్త ఎక్కువ ఇస్తానని ముందే మాట్లాడుకుంటే సరిపోతుంది. మార్చిన పాత పార్టు అడిగి తీసుకోండి. నిజంగా మార్చారని అదే సాక్ష్యం.

ఆయిల్ గ్రేడ్ విషయంలో షెడ్డు మీద మొత్తం భారం వేయకండి. పాత అలవాటు కొద్దీ చాలాచోట్ల అన్ని బళ్లకీ ఒకే డ్రమ్ములోంచి పోస్తారు. ఇప్పటి మారుతి పెట్రోల్ ఇంజిన్లు చాలావాటికి 0డబ్ల్యూ-16 లాంటి పల్చటి ఆయిల్ చెప్తున్నారు. కొన్ని కార్లకు 5డబ్ల్యూ-30. బీఎస్6 డీజిల్‌లో పొగ మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది కాబట్టి బూడిద తక్కువగా వచ్చే ప్రత్యేకమైన ఆయిలే వాడాలి. తప్పు ఆయిల్ పోస్తే ఆ ఫిల్టర్ మూసుకుపోతుంది, దాని ఖర్చు ముందు ఇన్నాళ్లు మిగిల్చిందంతా చిన్నదే. మాన్యువల్‌లో ఉన్న గ్రేడ్ సీల్డ్ డబ్బా కొనుక్కెళ్లి, మీ ముందే మూత తీయించండి.

షెడ్డును ఎలా ఎంచుకోవాలి

పెద్ద బోర్డు, టైల్స్ వేసిన నేల చూసి నిర్ణయించకండి. అక్కడ నిలబెట్టిన బళ్లు చూడండి. మీ కంపెనీ కార్లు, మీ మోడల్ రెండు మూడు కనిపిస్తే అది మంచి గుర్తు. మీ కారు గురించి అడిగితే "ఈ మోడల్‌లో ఎక్కువగా ఇది పోతుంది" అని చెప్పగలిగే మనిషికి అనుభవం ఉన్నట్టు. ఓలా, ఉబర్ నడిపే డ్రైవర్లను అడగండి. రోజంతా బండి మీద బతికేవాళ్లు పని రానివాడి దగ్గరకు రెండోసారి వెళ్లరు.

మొదటిసారే క్లచ్ పనో, ఇంజిన్ పనో ఇవ్వకండి. ముందు ఆయిల్ మార్పు లాంటి చిన్న పని ఇచ్చి పక్కనే నిలబడండి. విప్పిన బోల్టులు ఒక ట్రేలో పెడుతున్నాడా, నేల మీద చల్లుతున్నాడా? డ్రెయిన్ ప్లగ్ వాషర్ కొత్తది వేశాడా? వీల్ నట్లు ఎయిర్ గన్‌తో బిగించి వదిలేశాడా, చివరికి చేత్తో సరిచూశాడా? ఓనర్ తనే చూస్తున్నాడా, లేక నిన్న చేరిన కుర్రాడికి వదిలేసి ఫోన్ మాట్లాడుతున్నాడా? కంపెనీలో అద్దం అవతల నుంచి కూడా సరిగ్గా కనిపించని పని ఇక్కడ మన కళ్ల ముందే జరుగుతుంది. షెడ్డు ఇచ్చే అన్నిటికంటే పెద్ద సౌకర్యం ఇదే, దాన్ని వాడుకోండి.

స్కానర్ ఉందా అని కూడా అడగండి. ఇప్పటి కారుకి చెక్ ఇంజిన్ లైట్ వస్తే స్కానర్ లేకుండా చూసేది ఊహే. అయితే స్కానర్ చూపించే కోడ్ ఎక్కడ వెతకాలో చెప్తుంది, ఏ పార్టు పోయిందో అన్నిసార్లూ చెప్పదు. ఆక్సిజన్ సెన్సర్ కోడ్ వస్తే సెన్సరే పోయి ఉండొచ్చు, వైరు తెగి ఉండొచ్చు, ఎక్కడో గాలి లీకవుతూ ఉండొచ్చు. కోడ్ చూడగానే పార్టు ఆర్డర్ చేసేవాడితో జాగ్రత్త.

బిల్లు అడిగితే మొహం మాడ్చుకునే చోట పెద్ద పని చేయించకండి. చీటీ మీదైనా సరే తేదీ, కిలోమీటర్లు, మార్చిన పార్టులు రాయించుకుని సంతకం పెట్టించండి. రేపు కారు అమ్మేటప్పుడు ఆ కాగితాలే పనికొస్తాయి. కంపెనీ సర్వీస్ హిస్టరీ ఉన్న కారుకి కొనేవాళ్లు కాస్త ఎక్కువ ఇస్తారన్నది నిజం, ఎందుకంటే మీటర్ వెనక్కి తిప్పలేదని దాంతో తెలుస్తుంది. వరుసగా బిల్లులున్న బయటి సర్వీస్ కూడా చాలావరకు ఆ నమ్మకం ఇస్తుంది. ఏ కాగితమూ లేని కారుకే బేరంలో దెబ్బ.

బాష్ కార్ సర్వీస్, మైటీవీఎస్ లాంటి మల్టీ బ్రాండ్ వర్క్‌షాపుల గురించి కూడా అడుగుతుంటారు. మధ్యస్థమైన ధర, సరైన బిల్లు, మంచి పరికరాలు ఉంటాయి. షెడ్డు ఎంచుకునే ఓపిక లేనివాళ్లకు బాగుంటుంది. కాకపోతే బోర్డు ఒకటే అయినా ఒక్కో బ్రాంచ్ ఒక్కో యజమానిది, పని కూడా ఒక్కోలా ఉంటుంది. ఇంటికొచ్చి బండి తీసుకెళ్లే యాప్‌ల విషయంలో నాకు అంత నమ్మకం లేదు. ఏ షెడ్డులో ఎవరు చేశారో మనకు తెలియదు.

ఎన్నేళ్లైనా కంపెనీకే వెళ్లాల్సినవి

ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలిగితే నేరుగా సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి. పసుపు రంగు కనెక్టర్లున్న ఆ వైరింగ్‌ని తెలియనివాళ్లు కదిలిస్తే ప్రాణం మీదకు వస్తుంది. ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసేది) యూనిట్, ఈసీయూ (కారులోని కంప్యూటర్) ప్రోగ్రామింగ్, కొత్త రిమోట్ తాళం, ఏడాస్ (డ్రైవర్‌కి సాయం చేసే భద్రతా వ్యవస్థ) కెమెరా కాలిబ్రేషన్ కూడా అంతే. వీటికి కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి. సీవీటీ, డీసీటీ అనే రకాల ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ల లోపలి పని అదే కంపెనీ గేర్‌బాక్స్‌లు రోజూ విప్పే నిపుణుడు దొరికితే తప్ప బయట వద్దు.

ఎలక్ట్రిక్ కార్లు, హైబ్రిడ్‌లలో నారింజ రంగు కేబుల్స్ ఉంటాయి. అవి హై వోల్టేజ్. వాటి జోలికి శిక్షణ ఉన్నవాళ్లే వెళ్లాలి. పైగా చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి, దాన్ని కాపాడుకోవాలి. ఈవీకి టైర్లు, అలైన్‌మెంట్, వైపర్లు, ఏసీ ఫిల్టర్ లాంటివి మాత్రం బయట నిశ్చింతగా చేయించుకోవచ్చు.

రీకాల్ విషయం చాలామంది వదిలేస్తారు. తయారీలో లోపం బయటపడితే కంపెనీ ఆ భాగాన్ని ఉచితంగా మార్చాలి, వారంటీ అయిపోయినా సరే. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంతో ఇది చట్టంలోకి వచ్చింది, 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 2023 జులైలో మారుతి ఎస్-ప్రెస్సో, ఈకో బళ్లు 87,599 స్టీరింగ్ టై రాడ్ కోసం వెనక్కి పిలిచింది. టై రాడ్ విరిగితే స్టీరింగ్ చేతిలో ఉండదు. కారు కంపెనీ సర్వీస్‌కి వెళ్తుంటే వాళ్లే చూస్తారు. బయట చేయించుకునేవాళ్లు, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు ఏడాదికోసారి కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబర్ కొట్టి చూసుకోవాలి.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఉన్న యాక్సిడెంట్ పని కూడా ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్న నెట్‌వర్క్ గ్యారేజ్‌లోనే, అంటే ఎక్కువగా కంపెనీ వర్క్‌షాప్‌లోనే చేయిస్తే క్యాష్‌లెస్ దొరుకుతుంది. బయట చేయిస్తే మనం కట్టి తర్వాత తెచ్చుకోవాలి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు వేల బళ్లు మునిగినప్పుడు ఇది ఎంత ముఖ్యమో అందరికీ అర్థమైంది. మునిగిన కారుని ఎట్టి పరిస్థితిలోనూ స్టార్ట్ చేయకండి, తెలిసిన మెకానిక్ చేత కూడా చేయించకండి. సిలిండర్లలో నీళ్లుండగా తిప్పితే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి, ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ లేని పాలసీలో ఆ నష్టానికి సాధారణంగా డబ్బు రాదు. ఫోటోలు తీసి, ఇన్సూరెన్స్‌కి చెప్పి, తాడు కట్టి లాగించకుండా ఫ్లాట్‌బెడ్ మీద పంపండి.

పని తేడా వస్తే

కంపెనీలో అయితే ముందు సర్వీస్ మేనేజర్‌కి, తేలకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టండి. జాబ్ కార్డ్ నంబర్, బిల్లు జత చేయండి. ఫోన్‌లో వాదించి వదిలేయకండి, మాటకు రికార్డు ఉండదు. షెడ్డులో అయితే నేరుగా మేస్త్రీ దగ్గరకు వెళ్లి బండి చూపించండి. పేరు కాపాడుకోవాలనుకునే మేస్త్రీ చాలావరకు మళ్లీ చేసిస్తాడు, లేబర్ అడగడు. అక్కడా ఇక్కడా కుదరకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడొచ్చు. 2022 డిసెంబర్‌లో కేంద్రం తెచ్చిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో కార్ల కంపెనీల మాన్యువల్స్, వారంటీ, సర్వీస్ వివరాలు ఒకచోట పెట్టారు. ఫిర్యాదుకు ముందు అక్కడ మీ కంపెనీ ఏం రాసిందో చదివి, ఆ వాక్యాన్నే మీ మెయిల్‌లో పెట్టండి.